ఆగని పంటలూ, మూడో షిఫ్టూ

ఇంజనీరింగు సీట్ల రోజులొచ్చాయంటే ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా ఇరుగుపొరుగుల కబుర్లన్నీ బ్రాంచీల చుట్టూనే తిరుగుతాయి. కంప్యూటర్సు అంటే “అదృష్టవంతులండీ” అంటారు. సివిలంటే “పోనీలెండి, ఇల్లు కట్టుకున్నప్పుడు పనికొస్తుంది” అంటారు. కెమికల్ అన్నారనుకోండి, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు. తర్వాత “అంటే మందులా, ఎరువులా?” అని ఒకావిడ అడుగుతారు. “ఆడపిల్లకి ఫాక్టరీ ఉద్యోగం ఏవిటండీ, అందులోనూ రాత్రి డ్యూటీలుట!” అని ఇంకొకావిడ బుగ్గలు నొక్కుకుంటారు.

మొదటావిడ ప్రశ్నకి జవాబు మన ఊళ్ళ చుట్టూ ఉన్న పొలాల్లోనే ఉంది. రెండో ఆవిడ మాటకి మాత్రం పెద్ద చరిత్రే ఉంది. ఈ రెండు కథలూ జడపాయల్లా అల్లుకుపోయాయి కాబట్టి రెండూ కలిపే చెప్పుకోవాలి.

అసలీ చదువేవిటో ముందు చూద్దాం. కెమిస్ట్రీ వేరు, కెమికల్ ఇంజనీరింగు వేరు. నలుగురికి పులిహోర కలిపే ఇల్లాలు కెమిస్టు అనుకుంటే, వెయ్యిమంది పెళ్ళికి గాడిపొయ్యి మీద గుండిగలెక్కించే వంటాయన కెమికల్ ఇంజనీరు. నలుగురి కొలతల్ని రెండువందల యాభై పెట్టి హెచ్చవేసినంత మాత్రాన వెయ్యిమందికి వంట కాదని ఆయనకి తెలుసు. ఇంట్లో గిన్నెడన్నం పళ్ళెంలో పోస్తే చిటికెలో చల్లారుతుంది. గుండిగెడన్నం గుండిగలోనే వదిలేస్తే, పైపైన చల్లబడినా నడిమధ్య గంటల తరబడి పొగలు కక్కుతూనే ఉంటుంది. అందుకే చాపల మీద గుడ్డ పరిచి పల్చగా ఆరబోస్తారు. పాత్ర పెద్దదయ్యేకొద్దీ లోపలి వేడి బయటికి రావడం కష్టమవుతుందన్నది ఈ చదువులో ముఖ్యమైన పాఠాల్లో ఒకటి. ఈ గుండిగని కాస్త గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్ళీ పనుంది.

ఇంగ్లండులో జార్జి డేవిస్ అనే ఆయన 1887లో మాంచెస్టరులో ఈ విద్య మీద ఉపన్యాసాలిచ్చాడు. మరుసటేడు అమెరికాలో, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో నాలుగేళ్ళ కోర్సు మొదలైంది. 1915లో ఆర్థర్ లిటిల్ అనే ఆయన ఒక చక్కని సంగతి చెప్పాడు. సబ్బు ఫాక్టరీ గానీ, పంచదార ఫాక్టరీ గానీ, లోపలికి వెళ్ళి చూస్తే జరిగేవి అవే కొద్దిపాటి పనులు: కాచడం, వడకట్టడం, ఆవిరిచెయ్యడం, ఆరబెట్టడం, పొడికొట్టడం, కలపడం. వీటికి యూనిట్ ఆపరేషన్లని పేరుపెట్టాడు. ఇందులో కొత్తేముందని మనకి అనిపించవచ్చు. పొద్దున్న లేస్తే మనం చేసేవన్నీ అవే కదా! కానీ ఆ ఒక్క మాటతో ఈ డిగ్రీకి కాళ్ళొచ్చాయి. అది చదివిన మనిషి ఇవాళ పంచదార మిల్లులో, రేపు నూనె మిల్లులో, ఎల్లుండి మందుల కంపెనీలో ఇమిడిపోగలడు. సరుకు మారినా పని మారదు.

మన తెలుగుదేశంలో ఈ చదువు పంచదారతో పాటే నడిచొచ్చింది. జావా నుంచి ఓడల్లో దిగే పంచదార మన మిల్లుల్ని నిలవనివ్వడంలేదని 1932లో ప్రభుత్వం చట్టం చేసి, సుంకంతో దేశీయ పరిశ్రమకి అండ కల్పించింది. దాంతో దేశమంతటా పంచదార మిల్లులు పుట్టుకొచ్చాయి. మిల్లులు పెట్టినంత సులభంగా వాటిని నడిపే మనుషులు దొరకరు కదా! ఆ మరుసటేడే, 1933లో, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలరుగా ఉన్నప్పుడు, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమికల్ టెక్నాలజీ శాఖని తెరిచింది. బొంబాయి విశ్వవిద్యాలయం ఇలాంటి శాఖనే తెరిచింది కూడా ఆ సంవత్సరమే. వాల్తేరులో తొలినాటి పాఠాల్లో పంచదార తయారీకి పెద్దపీట వేశారు.

బెల్లం వండటం చూసినవారికి పంచదార మిల్లు సగం అర్థమైనట్టే. చెరుకురసంలో కాస్త సున్నం వేసి మడ్డి తీసేసి, పెనంలో కాచి కాచి పాకం చేస్తారు. బెల్లం పెనం మూతలేనిది కాబట్టి వేడికి పాకం ఎర్రబడుతుంది. మిల్లులో మూసిన పాత్రలోంచి గాలి లాగేసి కాస్తారు. అప్పుడు తక్కువ వేడికే రసం మరుగుతుంది, మాడదు, తెల్లటి పలుకు కడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు చెరుకుతో. గడ నరికిన దగ్గర్నుంచీ అందులోని తీపి తరిగిపోతూనే ఉంటుంది. రైతు బండి గేటు దగ్గరికొస్తే “పొద్దున్న రావయ్యా” అనడానికి లేదు. అందుకని సీజను నడిచినన్నాళ్ళూ మిల్లు పగలూ రాత్రీ ఆడవలసిందే. రోజుకి మూడు షిఫ్టులు, ప్రతి షిఫ్టుకీ రసం పరీక్షచేసి పాకం చూసే కెమిస్టు ఒకరు. కెమికల్ టెక్నాలజీ చదివినవారి తొలి ఉద్యోగాలు అవే.

1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు తణుకులో ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. ఆయన కెమికల్ ఇంజనీరు కాదు. అయితే ఈ చదువు చదివినవాళ్ళ చేత ఏమేం చేయించవచ్చో ఆ కంపెనీ కథ చెబుతుంది. పంచదార తీశాక మిగిలే నల్లటి మొలాసిస్‌ని పులియబెట్టి బట్టీపడితే ఆల్కహాలు. ఆల్కహాలు నుంచి ఎసిటిక్ ఆసిడ్, అంటే మన వెనిగరులో పుల్లదనం. దాన్నుంచి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్. దాన్ని సాలిసిలిక్ ఆసిడ్‌తో కలిపితే ఏస్పిరిను! పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, గోదావరి పెరట్లోని చెరుకుగడ తలనొప్పి మాత్ర దాకా వెళ్ళింది. తణుకులోనే ఇస్రో రాకెట్లకి ద్రవ ఇంధనం కూడా తయారుచేశారు. పంచదార ఊళ్ళో రాకెట్టు ఇంధనమేవిటని ఆశ్చర్యపోనక్కరలేదు. కాచి, వడకట్టి, బట్టీపట్టే మనుషులు అక్కడ అప్పటికే ఉన్నారు మరి.

తణుకు నుంచి గూడేనికి ఎంతో దూరం లేదు. తాడేపల్లిగూడెం చుట్టూ వరి, ఊరినిండా రైసుమిల్లులు. బియ్యం తెల్లగా ఉండాలని మనం పట్టుబడతాం కాబట్టి తవుడు గుట్టలు గుట్టలుగా మిగులుతుంది. అది పశువుల కుడితిలోకి పోయేది. ఆ తవుడులో వందకి పదిహేను పాళ్ళ పైచిలుకు నూనె ఉంటుంది. గానుగకి లొంగే నూనె కాదది. హెక్సేన్ అనే, పెట్రోలుకి చుట్టంలాంటి ద్రావకంలో తవుడుని నానబెడితే నూనె అందులోకి దిగుతుంది. తర్వాత వేడిచేస్తే హెక్సేన్ ఆవిరైపోయి నూనె మిగులుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి మళ్ళీ వాడుకుంటారు. 1960లో తాడేపల్లిగూడెంలో ఫుడ్స్, ఫ్యాట్స్ అండ్ ఫెర్టిలైజర్స్ అనే కంపెనీ పుట్టింది ఇలాంటి పని మీదే. ఇక్కడా చెరుకు చిక్కే. బియ్యం మర పట్టగానే తవుడులో ఒక ఎంజైము మేలుకుని నూనెని పాడుచెయ్యడం మొదలెడుతుంది. ఆలస్యమైతే ఆ నూనె వంటకి పనికిరాదు, సబ్బుకే పోతుంది.

ఆ తర్వాత మెట్ట ప్రాంతానికి ఆయిల్‌పామ్ తోటలొచ్చాయి. ఏలూరు దగ్గర పెదవేగిలో 1995లో జాతీయ పరిశోధన కేంద్రమే పెట్టారు. పామాయిలు గెల కూడా కోసిన ఇరవై నాలుగ్గంటల్లో ఫాక్టరీకి చేరాలి, లేకపోతే నూనెలో పులుపు పెరుగుతుంది. ఇక కొల్లేటి చేపా, చెరువు రొయ్యా సంగతి చెప్పనే అక్కరలేదు. చూడండి: చెరుకూ, తవుడూ, పామాయిలు గెలా, చేపా, మన నేలమీద పండేవేవీ తెల్లారేదాకా ఆగేవి కావు. పంట ఆగదు కాబట్టి ఫాక్టరీ ఆగదు. ఫాక్టరీ ఆగదు కాబట్టి ఈ చదువు చదివినవాళ్ళకి రాత్రి డ్యూటీ తప్పదు.

సరిగ్గా అక్కడే మన అమ్మాయిల దారికి అడ్డంగా ఒక గేటు పడింది.

1919లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ కార్మిక సభ, పరిశ్రమల్లో స్త్రీల చేత రాత్రిపూట పని చేయించకూడదని ఒప్పందం చేసింది. ఆనాడు మిల్లుల్లో ఆడవాళ్ళ చేత గొడ్డుచాకిరీ చేయించేవారు కాబట్టి, ఆ ఒప్పందం వెనక ఉన్నది జాలే. తర్వాత తర్వాత చదువుకున్న ఆడవాళ్ళు ఇంజనీర్లుగా, సూపర్‌వైజర్లుగా వచ్చేసరికి, ఈ జాలి వాళ్ళ ఉద్యోగాలకే ఎసరు తెస్తోందని యూరపులో గొడవ బయల్దేరింది. 1934లో నిబంధనని కొంత సడలించారు. 1948లో తిరగరాసిన ఒప్పందంలోనైతే, బాధ్యతగల నిర్వహణ, సాంకేతిక పదవుల్లో ఉన్న స్త్రీలకి ఇది వర్తించదని స్పష్టంగా చెప్పారు.

అదే 1948లో స్వతంత్ర భారతంలో ఫాక్టరీల చట్టం వచ్చింది. దాని 66వ సెక్షను ప్రకారం ఉదయం ఆరింటికి ముందుగానీ, సాయంత్రం ఏడు దాటాక గానీ ఫాక్టరీలో స్త్రీ పనిచెయ్యకూడదు. రాష్ట్ర ప్రభుత్వాలు వేళల్ని కాస్త అటూ ఇటూ జరపవచ్చు గానీ, రాత్రి పది నుంచి తెల్లవారి అయిదు దాకా ససేమిరా వీల్లేదు. 64వ సెక్షను ఇంకా చిత్రమైనది. సూపర్‌వైజర్లకీ, మేనేజర్లకీ పనిగంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చంటూనే, స్త్రీల రాత్రి నిషేధానికి మాత్రం ఆ మినహాయింపు తగలకుండా పేరుపెట్టి మరీ పక్కనపెట్టింది. అంటే పురుషుడు ఆఫీసరైతే గంటల లెక్క లేదు. స్త్రీ ఆఫీసరైనా ఏడయ్యేసరికి గేటు బయట ఉండాలి.

అదే 66వ సెక్షనులో ఇంకో చిన్న సందు ఉంది. చేపల్ని ఉప్పువేసి ఎండబెట్టే ఫాక్టరీల్లోనూ, డబ్బాల్లోకెత్తే ఫాక్టరీల్లోనూ సరుకు పాడైపోయే ప్రమాదముంటే స్త్రీల చేత రాత్రిపూట కూడా పని చేయించుకోవచ్చునట! చేప కుళ్ళిపోతుందంటే చట్టం కరిగింది. చెరుకురసం పులిసిపోతుందంటే మాత్రం, ఆ రసం చూడ్డానికి డిగ్రీ చదివిన అమ్మాయిని రానివ్వలేదు. చేతులు చల్లటి నీళ్ళలో పెట్టి కూలికి చేపలు శుభ్రంచేసే ఆడమనిషికి రాత్రి భయం లేదనుకున్నారో, ఆమె భయం ఎవరికీ పట్టలేదో మరి!

ఈ చట్టం కాగితం మీద ఎవరికీ ఉద్యోగం లేదనలేదు. కానీ మూడు షిఫ్టులు నడిచే ఫాక్టరీ యజమాని కోణంలోంచి చూడండి. మూడింట ఒక్క షిఫ్టుకే పనికొచ్చే ఇంజనీరుని ఆయనెందుకు తీసుకుంటాడు? పైగా రాత్రి డ్యూటీ చెయ్యని ఇంజనీరుకి ప్లాంటు ఇన్‌ఛార్జి కావడం కష్టం. అది కాకపోతే మేనేజరు కావడం ఇంకా కష్టం. అంచేత కెమికల్ చదివిన అమ్మాయిల దారులన్నీ పగటి దారులయ్యాయి: కాలేజీలో పాఠాలు, లాబరేటరీలో పరీక్షలు, ఆఫీసులో డిజైను బల్ల. మన తెలుగింటి అమ్మాయి అయ్యలసోమయాజుల లలిత 1943లో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పూర్తిచేసి, దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. చిన్నతనంలోనే భర్త పోయి, చంటిబిడ్డతో చదువుకున్న ఆవిడ. కలకత్తాలో ఆవిడ పేరుతెచ్చుకున్నది కూడా విద్యుత్తు లైన్ల డిజైను బల్ల దగ్గరే.

మగపిల్లల దారులు మాత్రం ఎటుపడితే అటు తెరుచుకున్నాయి. విశాఖలో 1957లో నూనె శుద్ధి కర్మాగారం వచ్చింది, 1967లో కోరమాండల్ ఎరువులొచ్చాయి. హైదరాబాదులో సోవియట్ సహాయంతో ఐ.డి.పి.ఎల్. మందుల ఫాక్టరీ వచ్చింది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో (మన గూడెం కాదు సుమండీ!) పుట్టిన కల్లం అంజిరెడ్డి గారు బొంబాయిలో కెమికల్ టెక్నాలజీ చదివి, పూనా నేషనల్ కెమికల్ లాబరేటరీలో పరిశోధన చేసి 1969లో డాక్టరేటు పొందారు. ఆపైన 1975 దాకా ఐ.డి.పి.ఎల్.లోనే పనిచేశారు. 1972లో అమల్లోకొచ్చిన కొత్త పేటెంటు చట్టం, మందుల విషయంలో తయారుచేసే పద్ధతికే హక్కు ఇచ్చింది గానీ మందుకి ఇవ్వలేదు. అంటే ఆవకాయ ఎవరి సొత్తూ కాదు, కలిపే తీరు మాత్రమే సొంతం. కొత్త తీరు కనిపెట్టగలవాడికి అంతకన్నా ఏం కావాలి! ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చినవారు ఇంకెందరో సొంత కంపెనీలు పెట్టుకోగా, హైదరాబాదు మందుల రాజధాని అయింది. 2005లో మందు మీద కూడా హక్కు మళ్ళీ వచ్చేదాకా ఈ దారి విశాలంగా సాగింది.

1990ల తర్వాత సాఫ్ట్‌వేరు గాలి వీచింది. కెమికల్ చదివిన పిల్లలు చాలామంది గుండిగలు వదిలేసి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. దీనికి జీతాలే కారణమనుకుంటాం. అమ్మాయిల విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో ఫాక్టరీ గేటుకి రాత్రి నిషేధం ఇంకా ఉంది.

ఆ నిషేధాన్ని చివరికి కోర్టులు కదిపాయి. 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు 66వ సెక్షనులోని రాత్రి నిషేధం రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. రవాణా, విశ్రాంతి గది, వేధింపుల నుంచి రక్షణ మొదలైన ఏర్పాట్లు యజమానే చెయ్యాలని షరతులు పెట్టింది. 2002లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఆ నిషేధం చెల్లదంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక భద్రతా కోడ్ అయితే, స్త్రీలు అన్నిరకాల పనులకీ అర్హులేననీ, వాళ్ళ సమ్మతితో, భద్రత షరతులతో రాత్రివేళా పనిచెయ్యవచ్చనీ రాసింది.

ఈలోగా 2015లో తాడేపల్లిగూడెంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వచ్చింది, అందులో కెమికల్ ఇంజనీరింగూ ఉంది. 2018 నుంచి ఇలాంటి జాతీయ కాలేజీల్లో అమ్మాయిల కోసమని అదనపు సీట్లు కూడా చేర్చారు. వరిపొలాల మధ్య, తవుడు నూనె తీసిన ఊళ్ళోనే ఈ చదువు దొరుకుతోందంటే మనకి గర్వమే.

ఇప్పుడు ఆ గుండిగ దగ్గరికొద్దాం. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి వేళ భోపాలులో విషవాయువు టాంకులోకి నీళ్ళు చేరి, లోపల వేడి పుట్టి, ఆ వేడికి బయటపడే దారి లేకపోయింది. దాన్ని చల్లబరచవలసిన యంత్రం నెలల క్రితమే ఆపేశారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ యూనిట్లో మనుషుల్ని సగానికి సగం తగ్గించారు. రాత్రి షిఫ్టులో మరమ్మతులు చూసే సూపర్‌వైజరే లేడు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో, ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర టాంకులోని స్టైరీన్ తనంత తానే వేడెక్కి ఆవిరై ఇళ్ళ మీద పడింది. పన్నెండుమంది పోయారు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా పుట్టింది. తొమ్మిది రోజులకే, ఏప్రిల్ 13 రాత్రి, ఆ జిల్లాలోని ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో ఒక రసాయన పరిశ్రమలో పేలుడు జరిగి మంటలు లేచాయి. ఆరుగురు చనిపోయారు. వారిలో పొట్ట చేతపట్టుకుని బీహారు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

మూడూ రాత్రివేళలే. కెమికల్ ఇంజనీరు చెయ్యవలసిన అసలు పని తెలిసేది అలాంటి రాత్రుల్లోనే. గుండిగలో వేడి పెరుగుతోందని అందరికంటే ముందు పసిగట్టడం, యజమానికి నష్టమైనా సరే ఆపమని చెప్పగలగడం. కొల్లేటి సంగతీ అంతే. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చే మురుగంతా చేరేది అందులోకే. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఆ సరస్సులోకి ఫాక్టరీ నీళ్ళు శుద్ధిచెయ్యకుండా వదిలితే, పక్షులూ చేపలే కాదు, ఒడ్డున బతికే మనుషులు కూడా ఆ నీళ్ళే అనుభవించాలి. ఆ నీటిని శుద్ధిచేసే విద్య కూడా ఈ డిగ్రీలో భాగమే, దానికీ ఉద్యోగాలున్నాయి.

కాబట్టి కెమికల్ చదివితే ఉద్యోగం ఎక్కడని దిగులుపడక్కరలేదు. తొంభై ఏళ్ళుగా పంట మారినప్పుడల్లా ఆ చదువు కొత్త చోటు వెతుక్కుంటూనే ఉంది. అమ్మాయికి ఫాక్టరీలో ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం “రాత్రి డ్యూటీ ఉంటుందా?” అని అడిగి ఊరుకోవద్దు. ఉంటుంది. రాత్రి షిఫ్టులో బాధ్యతగల ఇంజనీర్లు ఎంతమంది ఉంటారు? అలారాలు ఆఖరిసారి ఎప్పుడు పరీక్షచేశారు? ప్లాంటు ఆపెయ్యమని చెప్పే అధికారం షిఫ్టులో ఉన్న ఇంజనీరుకి ఉందా? ఇంటికి దింపే వ్యాను ఎన్నింటికి? గోడవతల ఇళ్ళవాళ్ళకి ప్రమాదమొస్తే ఎటు పరిగెత్తాలో ఎవరైనా చెప్పారా? ఇవి అడగండి. అబ్బాయికి ఉద్యోగమొచ్చినప్పుడు కూడా ఇవే అడగండి.